పురుగు అడిగిన అభిప్రాయం

సాన్ బ్రౌలియో,
25 జూలై 2001

తమ్ముడు రూబెన్‌కి,

ఈమెయిలు ఉండగా అక్క కాగితం ఖర్చు చేస్తోందేమిటా అని ఆశ్చర్యపోతున్నావా? ప్రస్తుతం ఈ ఊళ్లో నా పేరుతో ఈమెయిలు వస్తే జనం ముందు శిలువ గుర్తు వేసుకుని, తర్వాత కంప్యూటరు ఆపేస్తున్నారు. కాగితానికి పట్టే పురుగు మర్యాదస్తురాలు. ఉన్న ఉత్తరాన్ని తిని ఊరుకుంటుంది, ఊరందరికీ పంచిపెట్టదు.

మొన్న శుక్రవారం మన దేశంలో స్నేహితుల రోజు కదా. ఏడాది పొడుగునా ఎదురుపడితే వీధి దాటి వెళ్లిపోయేవాళ్లు కూడా ఆ రోజు "ప్రాణమిత్రమా" అని సందేశాలు పంపుకుంటారు. పొద్దున్నే రేడియో స్టేషనుకి వెళ్లి, మాతే ఆకుల టీ కలుపుకుని కంప్యూటరు తెరిచాను. ఒక స్నేహితుడి నుంచి మెయిలు. "హలో, ఎలా ఉన్నావు? ఈ ఫైలు పంపుతున్నాను, నీ అభిప్రాయం చెప్పు" అని ఉంది. స్నేహితుల రోజున స్నేహితుడు అభిప్రాయం అడిగితే మొహం తిప్పుకునేంత రాతిగుండె నాది కాదు. తెరిచాను. మంచి విషయాలే రాశాడు, చదివి మెచ్చుకున్నాను కూడా. ఎవరు పంపారన్నది ఇప్పుడు అంత ముఖ్యం కాదు.

నేను మెచ్చుకుంటున్న ఆ కాసేపట్లో అదేదో పురుగు నా ఫోల్డర్లో దూరి, ఉన్నవాటిలో ఒక ఫైలు ఏరుకుని, నా పేరు పెట్టి, నా చిరునామాల పుస్తకంలో ఉన్న ప్రతివాళ్లకీ పంపింది. చర్చికి, ఆసుపత్రికి, పాల సహకార సంఘానికి, మేయరు ఆఫీసుకి. ఏ ఫైలో ఊహించు. ఇక్కడ పొద్దున పోయినవాళ్ల కబురు మధ్యాహ్నం రేడియో ప్రకటనల్లో, నదిమట్టం వివరాలకి ముందు నేను చదివేయాలి. ఆ కంగారులో మంచి మాటలు తట్టవు. అందుకని పెద్దవయసు వాళ్లందరికీ తీరిగ్గా, ప్రేమగా సంతాప ప్రకటనలు ముందే రాసిపెట్టుకుంటాను. పురుగు వాటిలోంచి అతీలియో గారిని ఎంచుకుంది. "మన ప్రియతమ అతీలియో బ్రెస్సాన్ ఇక లేరు" అని మొదలవుతుంది.

అతీలియో గారు, అంటే ఈ రేడియో యజమాని. నాకు ఇన్నేళ్లుగా జీతమూ తిట్లూ ఠంచనుగా ఇస్తున్న మనిషి. నీ చేతికి మొదటిసారి సోల్డరింగ్ ఇనుము ఇచ్చింది కూడా ఆయనే, రోసారియో వెళ్లాక గుర్తుందో లేదో.

దాని కింద పురుగు తన అలవాటు ప్రకారం "నీ అభిప్రాయం చెప్పు" అని రాసింది. ఇంక మనవాళ్లు ఆగుతారా? చెప్పారు. చర్చి గురించి రెండు వాక్యాలే ఉన్నాయని ఫాదర్ ఎలీసెయో నొచ్చుకున్నారు. బేకరీ నొర్మా "ఆయన అందగాడని ఎక్కడా రాయలేదేం?" అని అడిగింది. పాల సంఘం వాళ్లు అభిప్రాయంతో ఆగకుండా పూలచక్రం పంపారు. దాన్ని గుమ్మంలో అందుకున్నది అతీలియో గారే.

ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే వీధి దాటి వచ్చారు, చేతిలో పూలచక్రం.

"అభిప్రాయం కావాలన్నావుగా, చెప్తా విను. నేను బతికే ఉన్నా. ఇది మొదటిది. రెండోది, ఇవాళ్టి నుంచి ఆ మైకు ముందు నువ్వు కూర్చోవద్దు."

ఇప్పుడు ప్రకటనలు ఆయనే చదువుతున్నారు. నేను పక్క గదిలో కూర్చుని ఉత్తరాలు విప్పుతున్నాను. మా ఆయన ఓరాసియో పోయాక పొద్దున్నే లేవాలనిపించేది ఆ మధ్యాహ్నపు మైకు కోసమే, తమ్ముడూ. ఈ ముక్క వెటకారానికి రాయడం లేదు.

నువ్వు కంప్యూటర్ల వైద్యుడివి కదా. ఈ పురుగుని ఎలా వెళ్లగొట్టాలో చెప్పు. యంత్రం శుభ్రమైతే ఆయన కోపమూ దిగుతుందేమో.

నా మెయిలు తెరిస్తే తప్ప ఎవరికీ హాని చేయని అక్క,
ఎల్విరా


రోసారియో,
31 జూలై 2001

ఎల్విరా అక్కకి,

ఫోను చేద్దామనుకున్నాను గానీ, ఫోనులో తిడితే నువ్వు మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

శభాష్. ఊళ్లో ఇంతమంది ఉండగా బతికున్న యజమానికి సంతాపం ప్రకటించిన ఘనత మా అక్కకే దక్కింది. తెలియని ఫైళ్లు తెరవొద్దని ఎన్నిసార్లు చెప్పాను? తలుపు కొట్టినవాడికల్లా తలుపు తీసి, మాతే ఇచ్చి, పెట్టె తాళాలు కూడా చేతిలో పెట్టే రకం నువ్వు.

విను. ఈ పురుగు దానంతటది లోపలికి రాలేదు. నువ్వు పిలిస్తేనే వస్తుంది. ఫైలు పేరు చివర చూశావా? మామూలు ఫైలు పేరుకి చుక్క తర్వాత ఒక తోక ఉంటుంది, దీనికి రెండుంటాయి. మొదటి తోక చూసి నువ్వు ఉత్తరం అనుకుంటావు, రెండో తోక పట్టుకుని అది ప్రోగ్రాములా పనిచేస్తుంది. నువ్వు నొక్కగానే పైకి ఏదో ఒక కాగితం చూపించి నిన్ను చదువుకోమంటుంది. ఈలోగా తనని తాను నకలు చేసుకుని, నీ ఫైలొకటి వీపున కట్టుకుని, నీ పేరుతో బయల్దేరుతుంది. నీ పేరు చూసి నీ స్నేహితుడు తెరుస్తాడు, అతని పేరు చూసి ఇంకొకడు. దీనికి కావలసింది తెలివితక్కువవాళ్లు కాదు, ఒకరినొకరు నమ్మేవాళ్లు. మన దేశంలో, అందులోనూ స్నేహితుల రోజున, దాని పెళ్లి విందు ఎలా ఉండి ఉంటుందో చూసుకో.

ఇప్పుడు చేయాల్సింది. ముందు కంప్యూటరుకి పెట్టిన టెలిఫోను తీగ పీకెయ్. అది పోతే పురుగు గది దాటి వెళ్లలేదు. తర్వాత నీ చిరునామాల్లో ఉన్నవాళ్లందరికీ మనుషుల్లా ఫోను చేసి, ఆ ఫైలు తెరవొద్దని చెప్పు. తెరిచినవాళ్లకీ ఇదే వైద్యం. మూడోది, నువ్వు సొంత తెలివి ఉపయోగించి దేన్నీ తుడిచెయ్యకు. మళ్లీ రాస్తున్నాను, దేన్నీ తుడిచెయ్యకు. మందు ఒక ఫ్లాపీలో పెట్టి బస్సులో పార్సిలు పంపుతున్నాను, స్టాండుకి వెళ్లి తీసుకో.

ఇంతకీ ఆ మెయిలు నీకు పంపిన తెలివైనవాడెవడు? పేరు చెప్పు. వాడికి నాలుగు చివాట్లు పెడితే గానీ నా కడుపు చల్లబడదు.

అతీలియో గారిని అడిగానని చెప్పకు, ఆయనకి నేను ఇంకా గిట్టను.

నీ తమ్ముడు,
రూబెన్


సాన్ బ్రౌలియో,
9 ఆగస్టు 2001

వైద్యశిఖామణి తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. "దేన్నీ తుడిచెయ్యకు" అన్న అమూల్యమైన సలహా నేను తుడిచేసిన మూడు రోజుల తర్వాత అందింది. తపాలా వాళ్లకి నా తరఫున కృతజ్ఞతలు చెప్పు.

ఆసుపత్రి గుమాస్తా దాని పేరు చెబితే, వెతికి పట్టుకుని, కసితీరా తుడిచేశాను. పీడ విరగడైందని మాతే కలుపుకుని కూర్చున్నాను. ఇప్పుడు ఏ బొమ్మ మీద నొక్కినా, అది చచ్చిపోయింది కాబట్టి నేను తెరుచుకోను అంటోంది. ఉత్తరాలు రాసేది తెరుచుకోదు, లెక్కలు వేసేది తెరుచుకోదు. నీ ఫ్లాపీలో మందు కూడా తెరుచుకోదు. బతికుండగా ఊరిని పీడించింది, పోయాక నన్ను పట్టుకుంది. దీనికి కూడా సంతాప ప్రకటన రాయాలేమో.

రేడియో సంగతి చెబుతాను. అతీలియో గారు ప్రకటనలు చదివే పద్ధతికి ఊరు అల్లాడుతోంది. మొన్న షూమాకర్ల ముసలావిడ అంత్యక్రియలూ నదిమట్టమూ కలిపేసి, "ఆవిడ నిలకడగా ఉంది, సాయంత్రానికి పెరిగే అవకాశం ఉంది" అని చదివారు. వాళ్లబ్బాయి పరిగెత్తుకుంటూ ఇంటికి వెళ్లాడు. పైగా వాక్యానికోసారి దగ్గు. ఆ దగ్గు నాకు నచ్చడం లేదు.

ఆయన ఇంటి కంప్యూటరుకీ పురుగు పట్టింది. తన సంతాపం చదువుకోవడానికి తెరిచారు మరి. అది ఆయన ఫైళ్లు వెతికి, పక్కింటి కుక్క మీద మేయరుకి రాసిన ఫిర్యాదు ఏరుకుని, పక్కింటివాళ్లతో సహా అందరికీ పంపి అభిప్రాయం అడిగింది. పక్కింటివాళ్లు గోడమీంచి చెబుతున్నారు, కుక్క కూడా చెబుతోంది.

పూలచక్రం పారేయలేదు. దాని మీది రిబ్బను తీసి ట్రాన్స్‌మిటరుకి కట్టారు. "అతీలియోకి కన్నీటితో" అని బంగారు అక్షరాల్లో. నేను ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా ఆ రిబ్బను వంక చూసి, నా వంక చూసి, మాట్లాడకుండా వెళ్లిపోతారు. తిట్టినా బాగుండును.

ఆ మెయిలు పంపిన తెలివైనవాడి పేరు అడిగావు. సమయం వచ్చినప్పుడు చెబుతాను. నీకు బాగా నచ్చే మనిషే. నీ అంత చదువుకున్నవాడు.

చచ్చిన పురుగుతో సతమతమవుతున్న
ఎల్విరా


రోసారియో,
16 ఆగస్టు 2001

అక్కకి,

నీ ఉత్తరం చదివి తల గోడకేసి కొట్టుకోబోయి, గోడ అద్దెదని ఆగాను.

ఏం జరిగిందో చెబుతాను. ఆ పురుగు లోపలికి రాగానే వాకిట్లో కాపలావాడి ఉద్యోగం సంపాదిస్తుంది. నీ కంప్యూటరులో ఏ ప్రోగ్రాము తెరవాలన్నా ముందు దాన్ని అడిగి తెరవాలని విండోస్ లోపలి చిట్టా పుస్తకంలో రాసిపెడుతుంది. నువ్వు వెళ్లి కాపలావాడిని చంపావు. పుస్తకంలో మాత్రం "కాపలావాడిని అడగండి" అనే ఉంది. అడగడానికి వాడు లేడు. అందుకే ఏ తలుపూ తెరుచుకోవడం లేదు. ముందు పుస్తకంలో ఆ వాక్యం కొట్టేసి, తర్వాత వాడిని చంపాలి. వరస తప్పితే ఇంతే.

భయపడకు, దారి ఉంది. అది కాపలా కాసేది ఒక రకం తోక ఉన్న ప్రోగ్రాములకే. నా రెండో ఫ్లాపీలో పుస్తకం దిద్దే పనిముట్టు ఉంది, దాని పేరు తోక మార్చి పంపుతున్నాను. తోక మారితే కాపలావాడి దాకా వెళ్లకుండా తిన్నగా తెరుచుకుంటుంది. కాగితం మీద రాసినట్టే చెయ్యి, ఒక్క అక్షరం నీ సొంతం వద్దు. అది అయ్యాక చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది చూడు, అది ఖాళీ చెయ్యి. దీని నకలొకటి అక్కడే దాక్కుంటుంది, చెత్తలో ఎవరూ వెతకరని దాని ధీమా. ఆ తర్వాత మొదటి ఫ్లాపీ పెట్టి మొత్తం వెతికించు. మూడుసార్లు ఏమీ దొరకలేదని చెబితే అప్పుడు టెలిఫోను తీగ తగిలించు. అతీలియో గారి ఇంటి దానికీ ఇదే చెయ్యి, కుక్క శాంతిస్తుంది.

నాకు ఈ నెల పని తక్కువగా ఉంది. జనానికి కంప్యూటరు వైద్యుల మీద నమ్మకం సన్నగిల్లినట్టుంది, ఎందుకో తెలియదు.

ఆయన దగ్గు సంగతి రాయి. ఆ తెలివైనవాడి పేరు కూడా. నీకు నిజంగా తెలుసా, లేక నన్ను ఆడిస్తున్నావా?

రూబెన్


సాన్ బ్రౌలియో,
4 సెప్టెంబరు 2001

తమ్ముడూ,

పని జరిగింది. పుస్తకం దిద్దాను, చెత్తబుట్ట ఖాళీ చేశాను, మూడుసార్లు వెతికించాను. పురుగు లేదు. నీకు దణ్ణం పెట్టుకున్నాను, పెట్టుకున్నాక ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు నాకు మెయిలు పంపినవాడి పేరు రూబెన్ సాపికో. రోసారియోలో ఉంటాడు, కంప్యూటర్లు బాగుచేస్తాడు, తలుపు కొట్టినవాడికల్లా తలుపు తీసే అక్క ఒకతె ఉంది. ఆయనగారి పురుగు వీపున కట్టుకొచ్చిన ఫైలు ఏమిటో తెలుసా? "మీ కంప్యూటరును పురుగుల నుంచి కాపాడుకోవడం ఎలా? మా ఖాతాదారులకు సలహాలు." చాలా చక్కగా రాశావురా. "తెలిసినవారు పంపినా సరే, మీరు అడగని ఫైలు తెరవవద్దు" అన్న చోట ఎంత నిజం అనుకుని తల కూడా ఊపాను. నేను తల ఊపుతుండగా నీ పురుగు అతీలియో గారిని చంపేసింది.

మొదటి ఉత్తరంలోనే రాసేదాన్ని. కానీ నీ చివాట్లు ఎంతదాకా వెళ్తాయో చూద్దామనిపించింది. బాగా దూరం వెళ్లాయి. ఈ జూలై, ఆగస్టుల చలికాలమంతా వేడిగా గడిచిపోయింది.

సరే, అసలు సంగతి. నిన్న అతీలియో గారు పక్క గదికి వచ్చారు. చేతిలో నా ప్రకటన అచ్చుకాగితం, చెవి వెనక ఎర్ర పెన్సిలు. కూర్చున్నారు.

"బోచాస్ ఆట గురించి బాగా రాశావు. ఉంచు. పేకాటలో అబద్ధాలు చెప్తానన్నావు, త్రూకోలో అబద్ధం చెప్పకపోతే ఆడేదెందుకు? అయినా ఉంచు. ఇది మాత్రం దిద్దాలి."

ఏది దిద్దాలన్నారో నీకు చెప్పాలి. ఓరాసియో పోయిన రోజు ప్రకటన నేను చదవలేనంటే ఆయనే మైకు ముందు కూర్చున్నారు కదా. "భార్య ఎల్విరాని విడిచి" అనే చోట ఆయన గొంతు పూడిపోయింది. వెంటనే టాంగో రికార్డొకటి పెట్టి, అది అయ్యాక మిగతాది చదివారు. పెద్దాయన గొంతు పూడటం ఈ ఊరు విన్నది ఆ ఒక్కసారే అని రాశాను.

"గొంతు పూడలేదు. ట్రాన్స్‌మిటర్లో లోపం వచ్చింది. అలా రాయి, రేపట్నుంచి మైకు నీదే," అన్నారు.

"నేను విన్నానండీ."

"నువ్వు విన్నది లోపాన్ని."

రాయనన్నాను. ఆ రోజు నేను వంటింట్లో ఒంటరిగా రేడియో ముందు నిలబడి ఉన్నాను. ఆ గొంతు అక్కడ ఆగిపోవడం వల్లే నేను నిలబడగలిగాను. నాతోపాటు ఇంకొకరికి కూడా బాధ వేసింది అనుకున్నాను. దాన్ని ట్రాన్స్‌మిటర్లో కాలిపోయిన గాజు వాల్వు కింద జమకట్టమంటే నా వల్ల కాదు. మైకు లేకపోతే పోయింది.

ఆయన పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, దగ్గుతూ వెళ్లిపోయారు. నాకు చాలా భయంగా ఉంది, రూబెన్. ఆయన మీద కోపంగా ఉండగా ఆయనకేమైనా అయితే నేను తట్టుకోలేను.

ఎల్విరా


రోసారియో,
11 సెప్టెంబరు 2001

అక్కా,

ఒప్పుకుంటున్నాను. ఆ రోజు పొద్దున్నే ఒక ఖాతాదారుడు "మీ అభిప్రాయం చెప్పండి" అని పంపాడు, నేను తెరిచాను. వృత్తిరీత్యా అభిప్రాయం అడిగారనుకున్నాను. మధ్యాహ్నానికల్లా సగం రోసారియో ఫోను చేసి నన్ను నా సలహాలతోనే తిట్టింది. నీదాకా రాలేదేమో అని ఆశపడి, నీకు తెలుసో లేదో లాగుదామని పేరు అడుగుతూ వచ్చాను. బాగా తీర్చుకున్నావు. ఇంక దాని గురించి చచ్చేదాకా వింటానని తెలుసు, అందుకని ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఓరాసియో బావ ప్రకటన చదివిన రోజు నేను ట్రాన్స్‌మిటరు గదిలోనే ఉన్నాను. అప్పటికి ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాను కదా. లోపం ఏమీ రాలేదు. టాంగో పెట్టి ఆయన నా గదిలోకి వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చక్కగా వెలుగుతున్న జంట వాల్వుల్లో ఒకదాన్ని గుడ్డతో పట్టుకుని పీకి నా చేతిలో పెట్టారు.

"ఇది పోయింది, విన్నావా? ఎవడడిగినా పోయిందనే చెప్పు. ముఖ్యంగా మీ అక్క అడిగితే. ఆవిడ్ని చూసుకోవాల్సిన మనిషిని, నేనే ఇలా అయిపోతే ఎలారా?"

ఇన్నేళ్లూ చెప్పలేదు. తర్వాత ఈ వాల్వులకి కాలం చెల్లిందని చెప్పి నేను కంప్యూటర్ల వెంట పోయాను, ఆయన నాతో మాట మానేశారు, కానీ ఈ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకున్నాను. ఆ వాల్వు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. బాగానే పనిచేస్తుంది.

నువ్వు విన్నది నిజమే, అక్కా. నీకు తెలిసింది కదా, ఇంక ఆయన అడిగినట్టు రాసెయ్. పోగొట్టుకునేదేమీ లేదు. నాకు సిగ్గుగానూ ఉంది, ఆయన్ని చూడాలనీ ఉంది. డిసెంబరులో వేసవి మొదలవగానే వస్తాను.

రూబెన్


సాన్ బ్రౌలియో,
2 నవంబరు 2001

రూబెన్‌కి,

వరదకి బస్సులు ఆగిపోయి నువ్వు రాలేకపోయావని ఎవరూ నిన్ను ఏమీ అనలేదు. అనడానికి అనేవాళ్లు కూడా నీళ్లలోనే ఉన్నారు. అందుకని జరిగింది రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన రోజే ఆయన ఇంటికి వెళ్లాను. వాన పడుతోంది, తోర్తా ఫ్రీతా రొట్టెలు వేయించుకుని, మాతే కలిపి పట్టుకెళ్లాను. మంచంలో దిండుకి ఆనుకుని కూర్చున్నారు.

"ట్రాన్స్‌మిటరు అనే రాస్తానండీ," అన్నాను.

ఆయన దిండు వదిలి ముందుకి వంగారు. "ఆ వెధవ ఏమైనా చెప్పాడా?"

"ఏం చెప్పాలి?"

"ఏం లేదు. వాడు మంచి పనివాడు. వాల్వు పట్టుకోవడం తెలుసు వాడికి." మాతే ఒక గుక్క పీల్చి, "మాతేలో చక్కెర ఎక్కువైంది" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాటి నుంచి మైకు నాది. ఆయన మంచంలోంచి విని, ప్రకటన అవగానే ఫోను చేసి తప్పులు చెప్పేవారు. ఈ ఆరువారాలూ రోజూ తిట్లు తిన్నాను. నా జీవితంలో సంతోషంగా గడిచిన రోజుల్లో వాటినీ కలుపుకుంటాను. పోయిన సోమవారం ఫోను రాలేదు. వీధి దాటి వెళ్లేసరికి ఆయన రేడియో ఇంకా మోగుతూనే ఉంది.

కొత్తగా ఏమీ రాయక్కర్లేకపోయింది. ఊరందరి దగ్గరా ప్రతి ఉంది, అందరి అభిప్రాయాలూ ముందే వచ్చాయి. ఫాదర్ ఎలీసెయో కోసం చర్చి గురించి ఇంకొక వాక్యం కలిపాను, నొర్మా కోసం అందగాడని కూడా రాశాను. మైకు ముందు కూర్చుని బోచాస్ సంగతి చదివాను, త్రూకో అబద్ధాలు చదివాను, గొంతు బాగానే ఉంది. "ఓరాసియో మరణవార్త చదివిన రోజున ట్రాన్స్‌మిటర్లో లోపం వచ్చింది" అన్న వాక్యం దగ్గరికి వచ్చాను, ఆయన దిద్దినట్టే.

అక్కడ, తమ్ముడూ, మన ట్రాన్స్‌మిటర్లో మళ్లీ లోపం వచ్చింది.

ఒక టాంగో పెట్టాను. ఆ గదిలోకి వెళ్లి, రిబ్బను పక్కకి జరిపి, గుడ్డతో జంటలో ఒక వాల్వు పీకి బల్ల మీద పెట్టాను, ఎవరైనా వచ్చి చూస్తే సాక్ష్యంగా ఉంటుందని. రికార్డు అయ్యేలోపు తిరిగి గుచ్చాను. తర్వాత, "అంతరాయానికి చింతిస్తున్నాం" అని చెప్పి మిగతాది పూర్తిచేసి, నదిమట్టం చదివాను. ఇంకా పెరుగుతోంది.

ఊరంతా విన్నది. కుక్క గురించీ, పూలచక్రం గురించీ, ఆయన అందం గురించీ అడక్కుండానే మాట్లాడినవాళ్లు ఈసారి ఒక్కరు కూడా అభిప్రాయం చెప్పలేదు. సాయంత్రం బేకరీకి వెళితే నొర్మా రొట్టె పొట్లం కట్టి, నా చెయ్యి పట్టుకుని, "ఆ ట్రాన్స్‌మిటరు బాగా పాతదైపోయింది, ఎల్విరా" అంది.

అవును, పాతదే అన్నాను. దారులు బాగుపడగానే ఆ వాల్వు పట్టుకుని రా.

మీ అక్క,
ఎల్విరా